ఇంతకుముందు వాడిన పేర్లు

"జెండాలో చారలు ఎన్ని?" గోరుచిక్కుళ్ళ ఈనెలు తీస్తూ అడిగింది ఉమాశ్రీ.

"పదమూడు," అంది అత్తగారు సుబ్బలక్ష్మి, బియ్యం కడుగుతూ. "మొదట్లో రాష్ట్రాలు పదమూడే ఉండేవి కనక. ఇంగ్లీషులో చెప్పమంటావా, అమ్మాయ్?"

"చెప్పండి."

చెప్పింది. పాతకాలం బడిలో పాఠం అప్పజెప్పినట్టు, గొంతు కొంచెం పెంచి, ఎక్కడా తడబడకుండా చెప్పింది. చెప్పి కుక్కర్ మూత బిగించింది.

పుప్పాలగూడలో ఆ అపార్ట్‌మెంటు వంటింట్లో కొన్నాళ్ళుగా పొద్దున్నపూట ఇదే వరస. సుబ్బలక్ష్మి అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోబోతోంది. కాన్పుకి సాయంగా న్యూజెర్సీ వెళ్ళిన తల్లిని కూతురు దేవిశ్రీ గ్రీన్‌కార్డు తీయించి అక్కడే అట్టేపెట్టుకుంది. మనవణ్ణి, ఆ తర్వాత మనవరాలిని ఎత్తుకుని తిప్పి, నాలుగు ముద్దలు తినిపించి, బడి బస్సు ఎక్కించేసరికి ఆవిడకి అక్కడ ఆరేళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు మోకాళ్ళ వైద్యానికని కొడుకింటికి వచ్చింది. ఎండలు ముదిరేలోపు తిరిగి వెళ్ళాలి, వెళ్ళగానే దరఖాస్తు పంపాలి. ఆ దేశంలో ఆవిడ ఉన్నది ఎక్కువగా వంటింట్లోనే కాబట్టి, ఆ దేశం సంగతులు ఇంకో వంటింట్లో కూర్చుని చదువుకోవడం ఆవిడకి వింతగా ఏమీ అనిపించలేదు.

ఆ దరఖాస్తు తయారుచేసే పని ఉమాశ్రీ మీద పడింది. ఫలానా పని చేసిపెడతావా అని ఎవరూ అడగలేదు. "ఇంట్లోనే ఎక్స్‌పర్ట్ ఉండగా మనకి లాయరెందుకు?" అన్నాడు భర్త రవికిరణ్ చెల్లెలితో ఫోన్లో, అంతే. ఆ మాటలో మెప్పు కూడా ఉంది కాబట్టి కాదనడానికి వీల్లేకుండా పోయింది. ఉమాశ్రీ ఉద్యోగమే అది. మాదాపూర్‌లో, అమెరికాలోని లాయర్లకి ఇక్కడినుంచి పౌరసత్వం దరఖాస్తులు తయారుచేసి పంపే ఆఫీసు. మధ్యాహ్నం వెళితే రాత్రి భోజనాలవేళకి వస్తుంది. రోజంతా అక్కడ చేసే పనినే పొద్దున్న కూర తరుగుతూ ఇక్కడా చెయ్యాలి. అక్కడ చేస్తే దాన్ని స్పెషలైజేషన్ అంటారు. ఇక్కడ చేస్తే "కూచుంటే పది నిమిషాల పని" అంటారు.

పది నిమిషాల్లో తేలేలా ఏమీ లేదు. గ్రీన్‌కార్డు మీద ఆవిడ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి, ఇంటిపేరూ పేరూ తారుమారై ఉన్నాయి. ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంది. అప్పట్లో ఆ ఫారాలన్నీ నింపింది కొడుకూ అల్లుడూ, ఫోన్లో ఒకరికొకరు చెప్పుకుంటూ. ఎస్సెల్సీ దాకా చదివిన మనిషి పక్కగదిలోనే ఉంది. నీ పేరు ఇంగ్లీషులో ఎలా రాసుకుంటావమ్మా అని ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది.

ఈ తప్పులన్నీ దిద్దుతున్నప్పుడల్లా ఉమాశ్రీకి ఒక సంగతి గుర్తొస్తూ ఉండేది. సుబ్బలక్ష్మి అన్నది అసలు ఉమాశ్రీ పేరే. పుట్టినప్పుడు మేనత్త చెవిలో చెప్పిన పేరు, బడిలో హాజరు పలికిన పేరు, ఎంకామ్ పట్టా మీద ఉన్న పేరు. పెళ్ళి కుదిరాక కాబోయే మామగారు సీతారామాంజనేయులు గారు నాన్నకి ఫోన్ చేసి నవ్వుతూ అన్నారట, "మా ఆవిడ పేరూ అదేనండీ. ఇంట్లో ఇద్దరు సుబ్బలక్ష్ములైతే ఎలా? కోడల్ని కేకేస్తే అత్తగారు పలకాలా? పైగా అత్తగారి పేరు పెట్టి కోడల్ని పిలుస్తామా, బావుండదు." ఇద్దరు పెద్దమనుషులూ ఫోన్లో నవ్వుకున్నారు. ఉమాశ్రీ అని ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆమెకి ఇప్పటికీ తెలియదు. శుభలేఖలు అచ్చయి ఇంటికొచ్చాక చూసుకుంది. కాలేజీ స్నేహితురాళ్ళు కార్డు చూసి పెళ్ళెవరిదే అని ఫోన్లు చేశారు.

"ఏ పేరైతే ఏంటే, మనిషివి నువ్వే కదా," అంది అమ్మ.

ఆ మాట నిజమేనని ప్రమాణం కూడా చెయ్యాల్సి వచ్చింది. ఉద్యోగంలో చేరేటప్పుడు పట్టాల మీద ఒక పేరు, పాస్‌పోర్టు మీద ఒక పేరు ఉంటే కుదరదన్నారు. సుబ్బలక్ష్మి, ఉమాశ్రీ అన్న ఇద్దరూ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద రాసి నోటరీ దగ్గర సంతకం పెట్టింది. "ఏ పేరు ముందు రాయమంటారమ్మా?" అని అడిగాడు నోటరీ. ఆమె నోరు తెరిచేలోపే పక్కనున్న రవికిరణ్ "ఉమాశ్రీయే ముందు" అన్నాడు. చెడ్డవాడేం కాదు. అడిగినవాడికి జవాబు చెప్పడం తన పని అనుకునే మనిషి, అంతే. అడిగింది ఎవర్నో చూసుకోడు.

అంతా ఆ పేరుకి అలవాటుపడ్డారు. ఆమె కూడా పడింది. ఒక్క అత్తగారు మాత్రం పద్నాలుగేళ్ళుగా కోడల్ని పేరు పెట్టి పిలిచి ఎరగదు. ఎదురుగా ఉంటే "అమ్మాయ్" అంటుంది, చుట్టాలతో అయితే "మా కోడలు", ఫోన్లో అయితే "రవి వాళ్ళావిడ". తన పేరుతో ఇంట్లోకి రాబోయినందుకు ఆవిడకి ఇంకా కినుకేనేమోనని ఉమాశ్రీ కొత్తలో ఏడ్చింది. తర్వాత మానేసింది. పేరు తీసుకున్నది చాలక, ఇచ్చిన పేరుతోనైనా పిలవదేం అన్న బాధ మాత్రం ఎక్కడో ఒక మూల అలాగే ఉండిపోయింది.

ఆఫీసులో ఉమాశ్రీ పనంతా పేర్లతోనే. ఎవరి కాగితాల్లో పేరు తప్పు పడినా ఆ ఫైలు ఆమె బల్ల మీదికే వస్తుంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి వీసాలో పేరే లేని మనుషులుగా నమోదైపోయినవాళ్ళు, పెళ్ళయ్యాక భర్త పేరు తగిలించుకుని మళ్ళీ ఊడదీసుకున్నవాళ్ళు, ఏజెంటు తొందరలో చేసిన తప్పుని ఇరవయ్యేళ్ళుగా మోస్తున్నవాళ్ళు. "పేర్ల కేసులన్నీ ఉమాశ్రీ గారికి పంపండి, ఆడవాళ్ళకి ఓపికెక్కువ" అంటాడు మేనేజరు ఆదర్శ్. అని, ప్రమోషన్లు మాత్రం ఓపిక లేనివాళ్ళకే ఇస్తూ వచ్చాడు.

ఆ వారం టెక్సాస్ నుంచి ఒకాయన లైన్లోకి వచ్చాడు. దరఖాస్తు ఆయన భార్యది.

"మా మిసెస్ తరఫున నేనే చెప్తానండీ. తనకివన్నీ తెలీవు," అన్నాడు.

"పరవాలేదండీ. ఫోన్ ఆవిడకివ్వండి."

"మీరేం అడగాలన్నా నన్నడగొచ్చు."

"దరఖాస్తు ఆవిడది. రేపు ఆఫీసరు ముందు కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసేదీ ఆవిడే. ఫోన్ ఆవిడకివ్వండి."

ఉమాశ్రీ గొంతు పెంచదు, తగ్గించదు. ఆ ముక్క రోజుకి నాలుగైదుసార్లు అంటుంది. అవతల కాసేపు గుసగుసలు, తర్వాత ఒక ఆడగొంతు జంకుతూ "హలో" అంటుంది. మొదటి రెండు ప్రశ్నలకీ "ఆయన్ని అడిగి చెప్తానండీ" అంటుంది. మూడో ప్రశ్నకి తనే చెబుతుంది. పక్క సీటులో నవనీత ఇదంతా వింటూ నవ్వుకుంటుంది. జీడిమెట్ల నుంచి రెండు బస్సులు మారి వస్తుంది ఆ పిల్ల, ఏ మాటా కడుపులో దాచుకోదు.

"అక్కా, నువ్వు ఆ మాట అంటుంటే పోలీసోళ్ళు అన్నట్టే ఉంటది," అంది ఆ రోజు. "ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడ్తవా?"

ఉమాశ్రీ నవ్వేసి ఇంకో ఫైలు తెరిచింది. ఇంట్లో ఆ మాట అనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు అనుకుంది. క్యాబులో ఇంటికి వస్తూ, ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్కులో ఆగినప్పుడు, ఆ జవాబు తనకే నచ్చలేదు. అవసరం రాకపోవడం ఏమిటి? పొద్దున్న లేచి ఏం వండాలన్నది దగ్గర్నుంచి, తన జీతం ఏ లోనుకి పోవాలన్నది దాకా, ఫోన్ ఎప్పుడైనా తన చేతికి వచ్చిందా?

ఆదివారం పొద్దున్న దరఖాస్తు పనంతా ఒకేసారి తేల్చేద్దామన్నాడు రవికిరణ్. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూచున్నాడు. ఎదురుగా గ్లాసుకి ఆనించిన ఫోన్లో దేవిశ్రీ ముఖం, వెనక పిల్లల గోల. ఉమాశ్రీ పొయ్యి దగ్గర పెసరట్లు వేస్తూ, మధ్యమధ్యలో వచ్చి తెర మీద ఏ గడిలో ఏం రాయాలో చూపించి పోతోంది. సుబ్బలక్ష్మి బల్లకి ఆ చివర కూచుని అల్లం చెక్కు తీస్తోంది. రవికిరణ్ ప్రశ్న చదువుతాడు, తనే జవాబు చెబుతాడు, దేవిశ్రీ ఊ అంటుంది.

"పుట్టిన ఊరు, రేపల్లె. పుట్టిన తేదీ, పాస్‌పోర్టులో ఉన్నదే. ఇంతకుముందు వాడిన పేర్లు... లేవు."

"లేవన్నయ్యా. అమ్మకేం పేర్లుంటాయి," అంది దేవిశ్రీ.

ఉమాశ్రీ అట్టు తిరగేస్తోంది. అల్లం చెక్కు తీస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఫోన్లో జవాబులు విని విని ఆమెకి ఒక సంగతి బాగా తెలుసు. జవాబు లేని మనిషి ఊరుకోవడం ఒక తీరు, జవాబుండీ ఎవరూ అడగక ఊరుకోవడం ఇంకో తీరు. వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు అల్లం ముక్కని చేతిలో పట్టుకుని, ఆ తెల్లటి తెరవైపు చూస్తోంది.

"అలా రాయకండి," అంది ఉమాశ్రీ.

"ఏం? ఇంకేం పేరుంది అమ్మకి?"

"నాకు తెలీదు. మీకూ తెలీదు. అత్తయ్యగార్ని అడగలేదు కదా."

"అబ్బా ఉమా, ఇందులో అడిగేదేముంది? సుబ్బలక్ష్మి. మా చిన్నప్పట్నుంచీ అదే."

అప్పుడు అనేసింది. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆఫీసులో ఎలా అంటుందో అలాగే, గొంతు పెంచకుండా, తగ్గించకుండా. "మీ చిన్నప్పట్నుంచీ కాదండీ, ఆవిడ చిన్నప్పట్నుంచీ చెప్పాలి. దరఖాస్తు ఆవిడది. ఫోన్ ఆవిడకివ్వండి."

రవికిరణ్ ఆమెవైపు కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. ఫోన్ తీసి తల్లి ముందు పెట్టాడు. సుబ్బలక్ష్మి ఫోన్ ముట్టుకోలేదు. చాకు పక్కకి జరిపి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఉంది," అంది. "రేణుక."

ఫోన్లో మనవడు "అమ్మమ్మా, హూ ఈజ్ రేణుక?" అని అడిగాడు.

"నేనేరా నాన్నా," అంది ఆవిడ.

ఆ తర్వాత ఆవిడ చెప్పింది చాలా తక్కువ. అల్లం వైపే చూస్తూ, ఎవరో తెలిసినావిడ సంగతి చెబుతున్నట్టు చెప్పింది. ఎస్సెల్సీ పాసయ్యేదాకా తను రేణుకే. పెళ్ళికి ఏడాది ముందు అత్తారింట్లో మామగారి తల్లి పోయింది. ఆవిడ పేరు సుబ్బలక్ష్మి. ఆ పేరు ఇంట్లో మళ్ళీ వినపడాలని మామగారి కోరిక, ఆ పెద్దాయనది. కొత్తకోడలు గడప దాటి లోపలికి రాగానే, ఇవాళ్టినుంచీ నువ్వు సుబ్బలక్ష్మివి అన్నారు. అప్పటికి కుడికాలు లోపలా ఎడమకాలు బయటా ఉంది. తల ఊపి లోపలికి వచ్చింది. కొన్నాళ్ళకి బందరునుంచి బళ్ళో కలిసి చదివిన స్నేహితురాలు ఉత్తరం రాసింది, రేణుకకి అని. వసారాలో పెద్దాయన ఆ కార్డు చూసి, ఈ ఇంట్లో రేణుకెవరూ లేరోయ్ అని పోస్టుమాన్‌కి తిరిగి ఇచ్చేశారు. ఆయన అబద్ధం చెప్పాననుకోలేదు. నిజంగానే మరిచిపోయారు.

"నేను వంటింట్లోనే ఉన్నాను. వినపడింది," అంది సుబ్బలక్ష్మి. "బయటికొచ్చి, అది నాదేనండీ అనొచ్చు. కాళ్ళు రాలేదు. మళ్ళీ ఉత్తరం రాలేదు."

"నాన్నకి తెలుసా?" అడిగింది దేవిశ్రీ. ఆవిడ గొంతు చిన్నదైపోయింది.

"తెలిసే ఉంటుంది. తర్వాత ఆయనకీ గుర్తులేదు."

రవికిరణ్ తేరుకున్నాడు. తేరుకోగానే ఏదో ఆఫీసు మేనేజరులా మాట్లాడాడు. "సరేనమ్మా, ఎప్పటి సంగతో. ఇప్పుడిది రాస్తే దానికి రుజువులు, స్కూలు సర్టిఫికెట్లు, అఫిడవిట్లు... లేవని పెట్టేస్తే ఏ గొడవా ఉండదు. ఎవరికి తెలుస్తుంది?"

"కుడిచెయ్యెత్తి ప్రమాణం చెయ్యాలంటగా. చెయ్యెత్తి అబద్ధం చెప్పమంటావేంట్రా?"

"అబద్ధమని కాదు..."

"ఇంకోటుంది," అంది ఆవిడ. ఈసారి కోడలి వైపు చూసింది. "నిన్న నువ్వు చదివావు కదమ్మాయ్. పౌరసత్వం ఇచ్చేటప్పుడు పేరు మార్చుకోవాలంటే మార్చుకోవచ్చని ఒక గడి ఉందన్నావు. అందులో రేణుక అని రాయి."

ఫోన్లో దేవిశ్రీ ఒక్కసారిగా మొదలుపెట్టింది. పేరు మార్పంటే కోర్టులో జడ్జి ముందు ప్రమాణం చెయ్యాలట, వాళ్ళ ఫ్రెండు వాళ్ళత్తగారికి ఎంత ఆలస్యమైందో. పిల్లలకి వేసవి సెలవులొస్తున్నాయి, ఈ కాగితాల కోసం ఆగి అమ్మ టైముకి రాకపోతే తన ఆఫీసు ఎలా? వదినా, నువ్వైనా చెప్పు. పెనం చల్లారిపోయింది. ఉమాశ్రీ అట్లపిండి గిన్నె మీద మూత పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తూ నిలబడింది. ఎదురుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు అద్దాల మేడలు, కింద సెల్లార్లోకి నీళ్ళ ట్యాంకరు రివర్సులో వస్తూ చేసే చప్పుడు. జాలి వేస్తుందనుకుంది. వెయ్యలేదు. కోపం వచ్చింది, ఒళ్ళంతా వేడెక్కేంత కోపం. మామగారి మీద వచ్చినా అర్థముంది, ఆయన ఇప్పుడు లేరు. నాన్న మీద వచ్చినా అర్థముంది. కానీ కోపం వచ్చింది లోపల అల్లం చెక్కు తీస్తున్న ఆ ముసలావిడ మీద. ఎవరి పేరుకి అడ్డం వస్తుందని తన పేరు తీసేశారో, ఆ పేరు ఆవిడదే కాదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది, ఆ ఒక్కతీ మాట్లాడలేదు. ఆవిణ్ణి అడక్కుండా ఆవిడ నెత్తిన పెట్టిన పేరుని గౌరవించడానికి, తనని అడక్కుండా తన పేరు తీసేశారు. ఆ ఇంట్లో నిజంగా సుబ్బలక్ష్మి అయిన మనిషి తనొక్కతే. ఆ ఒక్కదాన్నీ తప్ప ఎవర్నైనా ఆ పేరుతో పిలుస్తారు.

వెనకనుంచి మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా వచ్చి ఆవిడ కుర్చీలో కూలబడింది.

"మీకు తెలుసు," అంది ఉమాశ్రీ, తిరగకుండానే. "ఆ పేరు మీది కాదని మీకు తెలుసు. శుభలేఖలు వేయించేముందు ఒక్క ముక్క అని ఉంటే, నా పేరు నాకుండేది."

"ఉండేది."

"ఎందుకనలేదు?"

"ఏమనను? నేను సుబ్బలక్ష్మిని కానని చెప్పాలి కదా. మరెవరివి అంటే? రేణుక అంటే ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? ఆ పేరు మీద ఇద్దరు పిల్లల్ని కన్నాను, అంతమందికి వండి పెట్టాను. అది కూడా నాది కాదంటే ఇక నేనంటూ ఏం మిగులుతాను అనిపించింది. భయమేసింది." మోకాలు నిమురుకుంది. "నీ పేరు కూడా సుబ్బలక్ష్మే అని తెలిసిన రోజున, వాళ్ళు నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. కానీ నోరెత్తలేదు. అందుకే నిన్ను ఆ కొత్తపేరుతో పిలవడానికి నోరు రాదు నాకు. అసలు పేరుతో పిలిచే ధైర్యం లేదు. అమ్మాయ్ అని సరిపెట్టుకున్నాను."

ఉమాశ్రీ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తను కినుక అనుకున్నది అదన్నమాట. తెలిసినంత మాత్రాన కోపం పోలేదు.

"నాకు కోపంగా ఉందత్తయ్యా."

"ఉండనీ," అంది ఆవిడ. "నాకు రావలసినప్పుడు రాలేదు. నీకైనా రానీ."

ఆ సాయంత్రం రవికిరణ్ పడగ్గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, బతిమాలే గొంతుతో మొదలుపెట్టాడు. "నీ మాటయితే వింటుంది. ఎంత తలనొప్పో నీకు తెలుసు కదా, నువ్వే రోజూ చూస్తావు. రేపల్లెలో ఆ స్కూలు ఉందో లేదో. చిన్నప్పట్నుంచీ అమ్మని ఎరిగినవాళ్ళు ఇద్దరు ప్రమాణపత్రాలివ్వాలి. ఇదంతా తిరగాల్సింది చివరికి నువ్వే. ఆ గడి వదిలెయ్యమని చెప్పు, అయిపోతుంది."

అందులో అబద్ధమేమీ లేదు. తిరగాల్సింది తనే అవుతుంది. ఆఫీసుకి సెలవు పెట్టి, బస్సెక్కి, హెడ్మాస్టరు గది బయట బెంచీ మీద కూచుని, మధ్యలో ఇంటికి ఫోన్ చేసి ఫ్రిజ్‌లో పెరుగెక్కడుందో చెబుతూ. ఒక్క మాట చాలు. అత్తయ్యా, చాలా ఆలస్యమవుతుంది, వదిలేద్దామా అంటే ఆవిడ తల ఊపుతుంది. ఆవిడకి తల ఊపడం బాగా అలవాటు. ఊపి, రేపట్నుంచి మళ్ళీ బియ్యం కడుగుతూ జెండాలో చారలు చెబుతుంది. అప్పుడు తను కూడా వసారాలో ఆ ఉత్తరం తిప్పి పంపేసిన పెద్దమనిషితో సమానమవుతుంది.

"దరఖాస్తు నేను నింపుతాను," అంది. "అది నాకు తెలిసిన పని. ఆవిడ చెప్పింది చెప్పినట్టు నింపుతాను. రేపల్లె మీరు వెళ్ళండి."

"నేనా? నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు ఉంది ఈ వారం."

"నాకూ ఉద్యోగం ఉందండీ. సర్టిఫికెట్టు కావాల్సింది మీ అమ్మగారిది."

ఎదురు చెప్పని మనిషి చెప్పినప్పుడు ఏమనాలో అతనికెవరూ నేర్పలేదు. రెండు రోజులు ముభావంగా తిరిగాడు. టిఫిను బాగుందో లేదో చెప్పలేదు. ఉమాశ్రీ కూడా అడగలేదు. గురువారం సెలవు పెట్టి వెళ్ళాడు.

మర్నాడు తిరిగొచ్చి కవరు బల్లమీద పెట్టాడు. పాత స్కూలు భవనం కూల్చి కొత్తది కట్టారని, కాగితాలు వెతకడానికి రోజంతా పట్టిందని, ఊళ్ళోనే ఉన్న అమ్మ పెద్దనాన్న కూతురూ, పక్కింటావిడా సంతకాలు పెట్టారని చెప్పాడు. చెప్పాల్సిందేదో ఇంకా మిగిలినట్టు నిలబడ్డాడు.

"హెడ్మాస్టరు అడిగాడు, రేణుక గారు మీకేమవుతారని," అన్నాడు. "వెంటనే చెప్పలేకపోయాను. మా అమ్మ అనడానికి కొంచెం టైము పట్టింది."

సుబ్బలక్ష్మి ఆ కవరు వైపు చూడలేదు. కొడుకు ముఖంవైపు చూసి, "అన్నం తిన్నావా?" అంది.

ఆఫీసులో నవనీతకి ఈ సంగతంతా చెప్పింది ఉమాశ్రీ, క్యాంటీన్లో టీ తాగుతూ.

"మరి నీ పేరో అక్కా?" అంది నవనీత. "ఆమెది ఆమెకు దొరికె. నువ్వేం చేస్తవ్?"

గెజిట్‌లో వేయించి అన్ని కాగితాల మీదా పాత పేరు రాయించుకోవచ్చు, ఆ దారి ఉమాశ్రీకి తెలుసు. కానీ ఆ పేరులో ఉన్న పిల్ల ఎంకామ్ పాసై, సైకిలు మీద ట్యూషన్లకి వెళ్ళేది, అన్నిటికీ ఎదురు చెప్పేది. ఆ పిల్లని ఇప్పుడు పిలిస్తే వస్తుందా? పోనీ, ఉమాశ్రీగా గడిపిన ఏళ్ళు మాత్రం ఎవరివి? ఇంతమంది పేర్లు సరిచేసింది. ఎవరైనా తనని ఎదురుగా కూచోబెట్టి, నీకేం కావాలి అని అడిగితే, తను కూడా ఆ ఆడగొంతుల్లాగే మొదటి రెండు ప్రశ్నలకీ తడుముకుంటుందేమో. ఆ సంగతి నవనీతకి చెప్పలేదు. టీ గ్లాసు కడిగేసి సీటుకి వచ్చింది.

ప్రయాణానికి ముందు రోజు పొద్దున్న అంతా ఇంట్లోనే ఉన్నారు. రవికిరణ్ నేలమీద కూచుని పెట్టె సర్దుతున్నాడు. తల్లి చీరలు మడతపెట్టడం అతనికి చేతకావడం లేదు, అయినా ఎవర్నీ పిలవలేదు. ఉమాశ్రీ భోజనాల బల్ల దగ్గర, దరఖాస్తు ముందు పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూచుంది. ఇవాళ ఆమె ఇంటర్వ్యూ ఆఫీసరు. అత్తగారు ఎదురుగా, ఇస్త్రీ చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"చెప్పబోయేదంతా నిజమేనని ప్రమాణం చేస్తారా?"

కుడిచెయ్యెత్తింది ఆవిడ. గాజులు మోచేతిదాకా జారాయి. "చేస్తాను."

"పౌరసత్వపత్రం మీద ఏ పేరు రాయమంటారు?"

"రేణుక." కొంచెం గట్టిగా అంది. అని, ఆ శబ్దం ఇంట్లో ఎలా ఉందో విన్నట్టు ఒక క్షణం ఆగింది.

"ఇంతకుముందు వాడిన పేర్లు?"

"సుబ్బలక్ష్మి."

"ఆ పేరు ఎందుకు వదులుకుంటున్నారు?" ఈ ప్రశ్న కాగితం మీద లేదు. ఆఫీసర్లు ఒక్కోసారి అడుగుతారు, అందుకని అలవాటు చెయ్యాలనుకుంది ఉమాశ్రీ.

సుబ్బలక్ష్మి తడుముకోలేదు. చాలాకాలంగా సిద్ధంగా ఉన్న జవాబులా వచ్చింది.

"అది నాది కాదండీ. మా కోడలిది. ఆమె పెళ్ళినాడు మా ఇంట్లో ఆమె దగ్గర తీసేసుకున్నారు, నా పేరని చెప్పి. నేను ఊరుకున్నాను. వెళ్ళేముందు ఎవరిది వాళ్ళకి ఇచ్చేసి వెళదామని."

పెట్టె దగ్గర రవికిరణ్ చేతిలో చీర సగం మడతలో ఆగింది. ఉమాశ్రీ కాగితంవైపు చూసింది. తర్వాతి ప్రశ్న ఎదురుగానే ఉంది, చదివే పరిస్థితి లేదు. కళ్ళు తుడుచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని తెలుసు, అయినా తుడుచుకోకుండా అలాగే కూచుంది. బయట ట్యాంకరు వచ్చినట్టుంది, వాచ్‌మన్ కేకలు వేస్తున్నాడు.

"ఆగిపోయావేం?" అంది అత్తగారు, మెల్లగా. "తర్వాతిది అడుగు, సుబ్బలక్ష్మీ."

రవికిరణ్ తలెత్తి, ఎవర్ని పిలిచిందా అన్నట్టు తల్లివైపూ భార్యవైపూ మార్చి మార్చి చూశాడు. పలకాలా వద్దా అని ఆమె ఎవర్నీ అడగలేదు.

"ఆఁ," అంది.